బీడు అని ఎవరన్నారు?

మూడేళ్ల కిందట, నేను హాస్టల్‌లో చేరిన కొత్తలో, ఒక మిత్రుడు ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూపించాడు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో అటకామా అనే ఎడారి ఉంది. ప్రపంచంలోకెల్లా పొడి నేలల్లో అదొకటి. అలాంటి చోట ఏ కొన్నేళ్లకో ఒకసారి నాలుగు చినుకులు ఎక్కువ పడితే చాలు, ఇసుక నేల మీద మైళ్ల కొద్దీ గులాబి, ఊదా రంగు పూలు పరుచుకుంటాయి. గదిలో ఉన్న ఆరుగురం నోళ్లు తెరుచుకుని చూశాం.

“మా ఎల్దుర్తి గుట్ట మీద గూడ ఇట్లనే పూస్తయి” అన్నాను నేను.

గదంతా నవ్వు. “మీ మెదక్‌ల గుండ్లు, తుమ్మచెట్లు తప్ప ఏమున్నయిరా?” అన్నాడొకడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. పుట్టినప్పటి నుంచి మేకల వెంట, కట్టెల కోసం, సీతాఫలాల కోసం తిరిగిన గుట్ట అది. కానీ అక్కడ పూసే పువ్వును ఒక్కసారైనా ఆగి చూడాలని తోచలేదు. ఆ దసరా సెలవులకు మా పెద్దనాయిన కొడుకు మూలన పడేసిన పాత డిజిటల్ కెమెరా అడిగి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి సెలవు దొరికితే బీడు మీదనే ఉన్నాను. ఈ మూడేళ్లలో ఏం చూశానో, ఎక్కడ తప్పు చేశానో, మన కళాశాల విద్యార్థులం ఏం చేయవచ్చునో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మాది ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను సాధారణంగా ఎడారి అంటారు. మెదక్ ప్రాంతంలో మామూలు సంవత్సరంలో అంతకు మూడింతలైనా పడుతుంది. తెలుగు నేలలో ఎడారిని తలపించే చోటు చూడాలంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు వైపు వెళ్లాలి. అక్కడ వేదవతి నది ఇసుక గాలికి లేచి వచ్చి పొలాల మీద మేటలు వేస్తుంది. మా దగ్గర అంత లేదు. అయితే మా వాన అంతా నాలుగైదు నెలల్లో కురిసి వెళ్లిపోతుంది. మిగతా కాలమంతా ఎర్ర చెల్క, నల్ల గుండ్లు, ఎండిన గడ్డి. హైదరాబాద్ నుంచి బస్సులో మార్చి నెలలో వచ్చేవాడికి ఇది చచ్చిన నేల అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

కానీ ఎడారి పువ్వుకూ మా బీడు పువ్వుకూ బతుకు రహస్యం ఒకటే. గింజ నేలలో నిద్రపోతుంది. కొన్ని జాతుల గింజల పొట్టులో మొలకను ఆపే రసాయనాలు ఉంటాయి. తుంపరకు అవి కరిగిపోవు. నేల బాగా తడిసేంత వాన పడితేనే కడుక్కుపోతాయి, అప్పుడే మొలక లేస్తుంది. అంతేకాదు, ఒక తల్లిమొక్క రాల్చిన గింజలన్నీ ఒకే ఏడు మొలవవు. కొన్ని ఈ ఏడు, కొన్ని మరుసటి ఏడు, కొన్ని ఇంకెప్పుడో. రైతు ఇంట్లో పుట్టినవాడికి ఇది కొత్త పాఠం కాదు. ఉన్న విత్తనమంతా ఒక్క వానను నమ్మి చల్లినవాడు మునుగుతాడు. కొంత గుమ్మిలో దాచుకున్నవాడు నిలబడతాడు. బీడు మొక్కలకు ఈ ఉపాయం మన తాతల కంటే ముందే తెలుసు.

మన దగ్గరికీ ఎడారికీ ఒక చుట్టరికం కూడా ఉంది. దసరా నాడు మనం మొక్కే జమ్మిచెట్టు థార్ ఎడారిలో పెరిగే ఖేజ్రీ చెట్టే. రెండూ ఒకే జాతి. అది రాజస్థాన్‌కు రాష్ట్ర వృక్షం, 2014 నుంచి తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో రాజు మనుషులు ఆ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును కౌగిలించుకుని ప్రాణం విడిచింది. ఆమె వెనుక మొత్తం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారని చరిత్ర. మనం ఆకు తెంపి ‘బంగారం’ అని పంచుకుంటాం, మరునాటికి చెట్టును మరిచిపోతాం.

ఇక మా గుట్ట పంచాంగం చెబుతాను. మిరుగు దాటి నాలుగు వానలు పడగానే ముందు లేచేవి పూలు కావు, ఆరుద్ర పురుగులు. ఎర్ర మఖమల్ బొత్తాల్లాగ తడిసిన చెల్క మీద నడుస్తాయి. తరువాత విష్ణుక్రాంతం. గోరంత నీలి పువ్వు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది. తొమ్మిది గంటలకు లేచే హాస్టల్ విద్యార్థికి సెలవుల్లో దొరకడం కష్టం. పల్లేరు కాయ కాలికి గుచ్చుకుంటే తిట్టుకుంటాం గాని, దాని పసుపు పువ్వు ఎంత ముచ్చటైనదో తెలిసింది నేల మీద బోర్లా పడుకుని ఫొటో తీసినప్పుడే. శ్రావణం నాటికి గట్ల మీద తెల్లని తుమ్మి పూలు. పొదల్లో అడవినాభి నిప్పు నాలుకల్లా లేస్తుంది. గడ్డ నిండా విషమే అయినా దానంత అందమైన పువ్వు మా గుట్ట మీద మరొకటి లేదు. భాద్రపదం వచ్చేసరికి చెల్కల్లో గునుగు, బీడులో తంగేడు. అవి రెండూ లేకపోతే బతుకమ్మ లేదు. తరువాత చాలా రోజులు ఏమీ ఉండదు. మాఘం, ఫాల్గుణం మాసాల్లో ఆకులన్నీ రాల్చుకున్న మోదుగు చెట్టు ఒక్కసారిగా ఎర్రబారుతుంది. హోలీకి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీయడం మా అవ్వకు ఇప్పటికీ వచ్చు.

తంగేడు మన రాష్ట్ర పుష్పం. ఈ మాట పోటీ పరీక్షలకు చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. కానీ తంగేడు పువ్వును మనలో ఎందరు చూశాం? నేను రెండు బతుకమ్మలకు గంపల కొద్దీ కోసి తెచ్చాను గాని చూడలేదు. మూడో ఏడు కెమెరాలో దగ్గరగా తీసి, హాస్టల్‌కు వచ్చి పెద్దది చేసి చూస్తే రెండు వింతలు కనిపించాయి. ఒకటి, కొన్ని పువ్వుల్లో కీలం ఎడమకు వంగి ఉంది, కొన్నింటిలో కుడికి. రెండు, పుప్పొడి తిత్తులు మామూలు పువ్వుల్లాగ చీలలేదు, కొసన చిన్న రంధ్రాలున్నాయి. ఉప్పుడబ్బాను గట్టిగా ఊపితేనే ఉప్పు రాలినట్టు, పుప్పొడి రాలాలంటే ఎవరో ఊపాలి. ఆ పని చేసేది నల్ల తుమ్మెద. పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరించి ఝుమ్మంటుంది. తంగేడులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. తరగతి గదిలో బోర్డు మీద గీసిన పువ్వు కంటే ఈ ఒక్క ఫొటో నాకు ఎక్కువ వృక్షశాస్త్రం నేర్పిందంటే మా అధ్యాపకులు కోప్పడరనే నమ్మకం.

ఇంత ఉన్న నేలకు మనం పెట్టిన పేరేమిటి? బీడు. పడావు. బంజరు. ఊళ్లో మనం అన్నంతవరకు పెద్ద నష్టం లేదు; బీడు అన్నా అందులో మేకలు మేస్తాయని మనకు తెలుసు. ప్రభుత్వ కాగితంలో ఆ పేరు ఎక్కితేనే కథ మారుతుంది. కేంద్ర భూవనరుల శాఖ, మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి దేశపు బంజరు భూముల అట్లాసు తయారు చేశాయి. 2019లో కూడా ఒక సంచిక వెలువడింది. అందులో బంజరు కింద లెక్కించిన రకాల్లో ‘పొదలున్న భూమి’ ఒకటి. అంటే తంగేడు, పరికి, బలుసు, రేగు పెరిగే మా గుట్ట వాలు. ఉపగ్రహం అంత ఎత్తు నుంచి చూస్తే అడవీ కాదు, పొలమూ కాదు, కనుక పనికిరానిది. పనికిరానిది అని రాసి ఉన్న దాన్ని ఎవరు దేనికి అడిగినా ఇవ్వడం సులువు.

పనికిరాని పొదల్లో ఏముంటుందో చెప్పడానికి మన తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. కలివికోడి అనే పిట్టను శాస్త్రజ్ఞులు 1848లో గుర్తించి పేరు పెట్టారు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ముళ్లపొదల్లో అది మళ్లీ దొరికింది. వెదికినవారు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు. ఆ పిట్టను ఎరిగి, పట్టి చూపించినవాడు స్థానికుడు. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి లేని పిట్ట, ఊరివాళ్లకు పేరుతో సహా ఉన్నది! ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తరువాత తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఆ పొదలను ముందే బంజరని రాసి దున్నించి ఉంటే దొరకడానికి ఏమీ మిగిలేది కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు బట్టమేక పిట్టకు అంత అదృష్టం లేకపోయింది. దాని కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు గాని, చుట్టూ గడ్డినేలలు పొలాలైపోయాక ఆ పిట్ట అక్కడ కరువైంది.

ఇక్కడ మా నాయిన మాట కూడా చెప్పకపోతే అన్యాయం. మొదటిసారి గునుగు ఫొటో చూపిస్తే ఆయన అన్నది ఇది:

“గడ్డికి ఫొటో తీసినవా బిడ్డా? నేను దీన్ని పీక్క పీక్క సస్తున్న.”

నిజమే. బతుకమ్మలో పువ్వు, చెల్కలో కలుపు. కూలీలు దొరకని కాలంలో గడ్డిమందు కొట్టక తప్పదని ఆయన వాదం. రాత్రి మక్క చేనుకు అడవిపందుల కావలి పోయే మనిషి దగ్గర వన్యప్రాణుల ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాదు. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్లు హల్దీ వాగులోకి వదిలినప్పుడు, ఎండాకాలంలో వాగు పారడం చూసి మా నాయిన ముఖంలో కనిపించిన సంతోషం నేను మరిచిపోలేను. నీళ్లు వద్దనేవాడు రైతు బిడ్డ కాడు. నీళ్లు వచ్చిన చోట బీడు వరిమడి అవుతుంది. దాన్నీ కాదనలేను.

కానీ నా మాట ఒకటి ఉంది. గుట్ట వాలుకు ఏ నీళ్లూ ఎక్కవు. అక్కడ వరి పండదు. అక్కడ పండేవి గొల్లకుర్మల గొర్రెలకు మేత, మా అవ్వలకు ఆకుకూర, పొలంలోని పూతకు తేనెటీగ, తుమ్మెద. 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. గొర్రెలు వచ్చాయి, మరి అవి ఎక్కడ మేయాలి? బంచరాయి తగ్గుతుంటే గొర్రె పెరుగుతుందా? మా ఊరి గుట్ట కింద నేను ఫొటోలు తీయడం మొదలుపెట్టిన చోట ఇప్పుడు సగం లేదు. ఒక పక్క కంకర తవ్వకం, మరో పక్క ప్లాట్ల రాళ్లు. కిందటి బతుకమ్మకు మా అమ్మ మెదక్ బజారులో గునుగు కట్ట కొని, ఇంటికి వచ్చి, “గునుగు కొనుడు మా తాతల నాడు ఇన్నమా?” అని నవ్వింది. ఆ నవ్వు నాకు నవ్వులా వినిపించలేదు.

ఇంతవరకు చదివి, కెమెరా పట్టుకుంటే సమస్య తీరుతుందని నేను చెప్పబోతున్నానని అనుకుంటారేమో. అలా అనుకున్నంత కాలం నేనూ తప్పే చేశాను. కెమెరాలో ఒక చెడ్డ వారసత్వం ఉంది. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గొప్ప కళాకారుడు, సందేహం లేదు. 1902లో వరంగల్ దగ్గరి నెక్కొండలో ఆయన తీసిన ప్రసిద్ధ ఫొటోలో వైస్రాయి కర్జన్ దంపతులు నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర చచ్చిన పెద్దపులి. మన గడ్డ మీద తీసిన తొలినాటి వన్యప్రాణి ఫొటోలు ఇలాంటివే. తుపాకీ పోయింది, ‘నేను సాధించాను, చూడండి’ అనే కోరిక మాత్రం లెన్సు వెనుక ఇంకా కూర్చుని ఉంది.

నాలోనూ ఉండింది. రెండో ఏడు ఏప్రిల్‌లో చెల్కలో తీతువు గుడ్లు చూశాను. గూడు అంటూ ఏమీ ఉండదు. గులకరాళ్ల మధ్య రాళ్లలాంటివే నాలుగు గుడ్లు. తల్లి పిట్ట లేచి నెత్తి మీద తిరుగుతూ అరుస్తోంది. అది గుడ్ల మీద వాలుతున్నప్పుడు ఫొటో రావాలని నేను అక్కడే కూర్చున్నాను. పదకొండు గంటల ఎండ. అరగంట, ముప్పావు గంట. చివరికి ఫొటో వచ్చింది. దాన్ని అందరికీ పంపాను. మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. రెండు రోజుల తరువాత వెళ్లి చూస్తే గుడ్లు లేవు. కాకి చూసిందో, కుక్క నా అడుగుల వాసన పట్టి వచ్చిందో, నాకు తెలియదు. కానీ ఆ తరువాత చదివి తెలుసుకున్నాను: వేసవిలో తీతువు గుడ్ల మీద కూర్చునేది వెచ్చ చేయడానికి కాదు, నీడ ఇవ్వడానికి. కుంటకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ నీడను ముప్పావు గంట నేను లాగేసుకున్నాను. గుడ్లు పోవడానికి కారణం నేను కాకపోయినా ఆ ముప్పావు గంట నాదే. ఆ ఫొటో తీసేశాను. ఈ సంచికలో వేయమని ఇచ్చిన నా బొమ్మల్లో అది లేదు.

దసరా నాడు పట్నంలో పంజరంలో పాలపిట్టను పెట్టుకుని, దర్శనానికి డబ్బులడిగేవారిని చూస్తాం. జనం దండం పెట్టి ఫొటో తీసుకుని పోతారు. అది మన రాష్ట్ర పక్షి. పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన ఫొటో ఆ నేరానికి పెట్టుబడి. పిట్టను పట్టినవాడిని తిడతాం గాని, ఫొటో కోసం మూగినవాళ్లం మనమే కదా.

పువ్వులకైతే ఏం ప్రమాదం, అవి పారిపోవు కదా అంటారా? 2019 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లేక్ ఎల్సినోర్ ఊరి దగ్గర కొండల మీద వానలు బాగా పడి నారింజ రంగు పూలు విరగబూశాయి. ఫొటోల కోసం వేల మంది వచ్చి పడ్డారు. దారులు స్తంభించాయి. పూల మధ్యలో పడుకుని ఫొటోలు తీసుకున్నారు. తొక్కిన చోట పువ్వు పోవడమే కాదు, నేల గట్టిపడి గింజకు కూడా చోటు లేకుండా పోతుంది. 2023లో మళ్లీ పూలు పూసినప్పుడు అధికారులు ముందుగానే ఆ లోయను మూసివేశారు. మహారాష్ట్రలో సాతారా దగ్గరి కాస్ పీఠభూమిలో కూడా పూల కాలంలో సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టక తప్పలేదు. అందాన్ని చూపించడమే దాన్ని చంపడం కాగలదు.

అయితే కెమెరా వదిలేయాలా? కాదు. పట్టుకునే తీరు మారాలి. ఆ తీరు నేర్చుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2016 దాకా మా జిల్లాలోనే ఉండి ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి పోయిన జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుంచి పనిచేస్తున్నది. అక్కడి దళిత రైతు మహిళలు, బడికి పోనివాళ్లు కూడా, వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో తమ సొంత మీడియా ట్రస్టు పెట్టుకుని విత్తనాల మీద, పంటల మీద చిత్రాలు తీశారు. కలుపు అని మా నాయిన పీకే గునుగు, దొగ్గలి, జొన్నచెంచలి అక్కడ కూరలు. విత్తకుండా వచ్చే పంట అని వాళ్లు లెక్క పెడతారు.

ఆ మహిళలు కెమెరా కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసి తీస్తే పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసి తీస్తే బానిస షాట్. కంటికి కన్ను సమంగా పెట్టి తీస్తే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కనుక. ఫొటోగ్రఫీ మీద నేను చదివిన పాఠాలన్నీ ఈ మూడు మాటల ముందు దిగదుడుపు. ఉపగ్రహం తీసింది పటేల్ షాట్. అందులో మా గుట్ట బంజరు. నిలబడి ఫోన్‌తో తీసినా పటేల్ షాటే. గడ్డి తప్ప ఏమీ కనిపించదు. నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి, విష్ణుక్రాంతం ఎత్తుకు కన్ను తెచ్చుకుంటే అప్పుడు కనిపిస్తుంది: ఆ పువ్వు వెనుక ఆకాశం, దాని మీద చీమ, పక్కన మెడ కింది తోలును విసనకర్రలా విప్పే చిన్న తొండ. మనిషి తల దించితేనే బీడు తల ఎత్తుతుంది.

కనుక సోదర విద్యార్థులకు నా మనవి. మీ అందరి జేబుల్లో ఫోన్ ఉంది. దానికి ఖరీదైన లెన్సు అక్కరలేదు, నాలుగు నియమాలు చాలు. మొదటిది, పిట్ట మనల్ని చూసి లేచిందంటే మనం ఇప్పటికే ఎక్కువ దగ్గరికి పోయామని అర్థం. వెనక్కి రావాలి. గూళ్ల దగ్గర, గుడ్ల దగ్గర కెమెరా తీయనే కూడదు. రెండోది, ఫొటో బాగా రావాలని పువ్వు తెంపడం, కొమ్మ వంచడం, రాయి తిరగేయడం వద్దు. ఎండ ఎక్కువైతే తువ్వాల నీడ పట్టుకోండి. మూడోది, ప్రతి ఫొటోకు తేదీ, ఊరు, అక్కడి మాటలో పేరు రాసుకోండి. పేరు లేని ఫొటో ముచ్చట, పేరున్న ఫొటో సాక్ష్యం. అరుదైన ప్రాణి అయితే చోటు మాత్రం బయట పెట్టకండి. ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటును దాచిపెడతాయి; మనం వాట్సాప్‌లో అందరికీ పంచిపెడుతున్నాం. నాలుగోది, పోచారం, మంజీర వంటి అభయారణ్యాల్లో ఫొటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది.

ఈ ఫొటోలు ఎక్కడికి పోవాలి? ఇదే అసలు ప్రశ్న. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊళ్లోని చెట్టు చేమ, పిట్ట పురుగు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరు ఎవరు రాస్తారు? ఊరి పేరు పలకడం రానివాడు వచ్చి ఒక పూటలో రాసుకుపోతే అందులో ఏముంటుంది? రాయవలసింది మనం. మన కళాశాలలో ఉమ్మడి జిల్లాలన్నింటి నుంచి వచ్చిన విద్యార్థులున్నారు. ఒక్కొక్కరు సెలవులకు పోయి సొంత ఊరి బీడు మీద ఇరవై పూల ఫొటోలు పేర్లతో తెస్తే, అవ్వను అడిగి ఒక్కొక్క దానికి వాడుక రాసుకొస్తే, మూడేళ్లలో ఎంత పుస్తకం తయారవుతుందో ఊహించండి. వృక్షశాస్త్ర శాఖవారు జాతులు సరిచూస్తారు, తెలుగు శాఖవారు పేర్లు సరిచూస్తారు. ప్రతి ఫిబ్రవరిలో దేశమంతటా నాలుగు రోజులు జరిగే క్యాంపస్ పక్షుల లెక్కింపులో మన కళాశాల పేరు కూడా ఉండవచ్చు. విద్యార్థి సంఘం వచ్చే ఏటి కార్యక్రమంలో దీన్ని చేర్చాలని కోరుతున్నాను. ఆటలపోటీలకు అయ్యే ఖర్చులో పదో వంతు కూడా దీనికి కాదు.

దీనితో మా గుట్ట నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. కంకర మిషను ముందు ఫొటో నిలబడుతుందా అని మిత్రులు అడుగుతారు. ఫొటో ఒక్కటే నిలబడదు. కానీ ‘ఇక్కడ ఏమీ లేదు’ అని ఎవరైనా కాగితం మీద రాసినప్పుడు, ‘ఉంది, ఇదిగో, ఫలానా తేదీన, ఫలానా చోట’ అని చెప్పడానికి ఊరి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. ఇప్పుడు అది కూడా లేదు.

కిందటి నెల సెలవులకు పోయినప్పుడు మా నాయిన కెమెరా అడిగి తీసుకుని ఫొటోలన్నీ ఒక్కొక్కటి చూశాడు. అడవినాభి దగ్గర ఆగాడు. “ఇది మన గెట్టు మీదిదేనా?” అన్నాడు. అవునన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తెల్లారి గడ్డిమందు డబ్బా భుజాన వేసుకుని చెల్కకు పోయాడు గాని, గెట్టు వరకు కొట్టి ఆగిపోయాడు. గెట్టు మీది మూరెడు వెడల్పు అలాగే వదిలేశాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడేళ్ల కిందట హాస్టల్ గదిలో నవ్విన మిత్రుడు ఈ దసరాకు మా ఊరికి వస్తానంటున్నాడు. రానీ. ముందుగా వాణ్ని నేల మీద బోర్లా పడుకోబెడతాను.